నూఱు బొంకులును నొక పెండ్లియును

నూఱబద్ధము లాడియైన నొక పెండ్లి చేయవలెనను సామెతను మన యిండ్లలో వినని వారుండరు. నూఱు చాలదని కొందఱు వేయి యందురు. ఈ సామెత చిరకాలమునుండి యున్నదే. దీనినిగూర్చి యిప్పుడు క్రొత్తగా వ్రాయవలసిన పని యేమని చదువరు లడుగవచ్చును. పని కలదు. పూర్వము దీనిని జెప్పువారు కొంచెము నవ్వుచుఁ జెప్పుచుండిరి. ఆ నవ్వులో నించుక సిగ్గుండెను. ఇప్పటి విద్యావంతులు నవ్వక చెప్పుచున్నారు. దానికొక తత్త్వశాస్త్రమును గూడఁ గల్పించుచున్నారు. "నీతి దేశమున కొక తీరుగా నుండును. ఉన్నదున్నట్లు మొగముమీఁదఁ జెప్పుట పాశ్చాత్యుల ధర్మము. వారికి వ్యక్తి ముఖ్యము. మనకుఁ గుటుంబము ముఖ్యము, పెద్దల మర్యాద ముఖ్యము, పదిమందిలోఁ బరువు ముఖ్యము. కాఁబట్టి మన సంస్కృతిలో సత్యమునకు రెండవ పీటయే" యని వారి వాదము. దీనిని మేము పెండ్లిపందిళ్ళలో వింటిమి, పండితసభలలోను వింటిమి. వినుటకిది దేశాభిమానమువలె నుండును. కాని యిది మనవారి మాట కాదు. మనలను నిందించుటకై యొక రాజప్రతినిధి పలికిన మాటనే మనవారు పతకముగాఁ జేసికొని ఱొమ్మునఁ దగిలించుకొనుచున్నారు.

ఆ కథ తెలియనివారికై చెప్పుదుము. 1905వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని కలకత్తా విశ్వవిద్యాలయ పట్టప్రదానసభలో నధ్యక్షపీఠమునుండి లార్డు కర్జను క్రొత్త పట్టభద్రులకు నీతి బోధించెను. సత్యమును సర్వోత్తమమైన యాదర్శముగా నెంచుట చాలవఱకుఁ బాశ్చాత్యుల భావమనియు, పశ్చిమదేశముల నీతిశాస్త్రములలో సత్యమునకు ఘనస్థాన మేర్పడిన తరువాతఁగాని తూర్పుదేశములలో దాని కట్టి గౌరవము కలుగలేదనియు, తూర్పున నెప్పుడును జిత్తులకును రాయబారపు నేర్పునకును మన్నన యెక్కువయనియు నాయన సెలవిచ్చెను. వినుచున్నవారిలోఁ బెద్దపెద్ద న్యాయవాదులు, న్యాయాధిపతులు, పండితులు నుండిరి. సభామర్యాద ననుసరించి వారందఱు నప్పుడు మౌనము వహించిరి.

రెండు దినములు గడచునప్పటికి అమృతబజారు పత్రికలో రెండు వాక్యభాగములు ప్రక్కప్రక్కను నచ్చుపడెను. ఒకటి కర్జనుగారి యుపన్యాసములోనిది. రెండవది యాయనయే 1894లోఁ బ్రకటించిన దూరప్రాచ్యదేశ సమస్యలను గూర్చిన గ్రంథములోనిది. దానిని వెదకి చూపినది సోదరి నివేదితయని ప్రతీతి. ఆ గ్రంథములోఁ గర్జనుగారు కొరియా దేశమునకుఁ బోయినప్పటి ముచ్చట యొకటి వర్ణించియున్నారు. అక్కడి విదేశవ్యవహారముల యధ్యక్షుఁడు వయస్సెంతయని యడిగెను. అప్పుడు కర్జనుగారికి ముప్పదిమూఁడేండ్లు. ఆ వయస్సు చెప్పినచో నా దేశమున గౌరవము దక్కదని ముందుగా నొకరు హెచ్చరించియుండుటచే నలువదియని బదులు చెప్పిరి. అంత వయస్సువానివలెఁ గానరావే యని యధ్యక్షుఁ డాశ్చర్యపడఁగా, మీ ప్రభువుగారి దేశములోని దివ్యమైన గాలి నెలదినములుగాఁ బీల్చుచుంటిని గదాయని సమాధానము. పిదప, ఇంగ్లండు రాణికి దగ్గఱి బంధువులు గాఁబోలునని యతఁ డడిగెను. కానని నిజము చెప్పవలసివచ్చెను. అధ్యక్షుని మొగము చిన్నబోవుట చూచి, అయినను నేనింకను వివాహము కానివాఁడనని యొకమాట చేర్చిరి. దానితో గౌరవము తిరిగి చేకూరెనఁట. ఇదంతయు దాఁచుకొన్న రహస్యము గాదు. తన చాతుర్యమునకుఁ దానే మెచ్చుకొని యచ్చొత్తించుకొన్న కథ.

వంగదేశ మంతయు నవ్వెను. ఆ నవ్వు న్యాయమైనదే. రాసబిహారీ ఘోష్‌గారి యధ్యక్షతను టౌనుహాలులో నిరసనసభయు జరిగెను. కాని యీ కథలో నవ్వినవారు సాధారణముగా గమనింపని యంశ మొకటి మాకుఁ గానవచ్చుచున్నది. కర్జనుగారు కొరియాలో నాడిన రెండు మాటలును మన పెండ్లిండ్ల పేరయ్య లాడు మాటలే. ఒకటి వయస్సును గూర్చినది. రెండవది పెండ్లి సంగతి. రెండవది యబద్ధముగూడఁ గాదు; అబద్ధముకంటె నెక్కువ పనిచేయు నిజము. ఆంగ్లప్రభు వొకఁడు కొరియాలో నెందు కట్లు చేసెను? ఆ దేశపువారి మెప్పు కావలసియుండెను, వారు తన్ను మరల నెప్పుడును ప్రశ్నింపఁబోరు, వారిని దనతో సమానులని యెంచలేదు. అబద్ధ మాడుటకుఁ దగిన యేర్పాటు లన్నియు నట కుదిరినవి. ఆ యేర్పాటులు కుదిరినచోట నే దేశమువాఁడైనను నాడును. ఇందులోఁ దూర్పు పడమరల ప్రసక్తి లేదు.

కర్జనుగారి మాటకుఁ బెద్ద వంశవృక్షము గలదు. జేమ్సు మిల్లు భారతదేశమునకు రాకయే, యిచ్చటి భాష యొక్కటియు నేర్వకయే, 1817లోఁ బ్రకటించిన చరిత్రమున హిందువులను గపటులని నిర్ణయించెను. 1841లో వారన్ హేస్టింగ్సును గూర్చి వ్రాయుచు మెకాలే వంగీయుల కపటము నలంకారశాస్త్రములోని ఉపమానము లన్నియుఁ జెల్లించి వర్ణించెను. ఈ గ్రంథములు చదివి పరీక్షలలోఁ గృతార్థులైన పడుచువాండ్రు మన జిల్లాలకు నధికారులై వచ్చుచుండిరి. 1882లో మాక్సుముల్లరు పండితుఁడు కేంబ్రిడ్జిలో నట్టి యభ్యర్థులకే యుపన్యాసము లొసఁగుచు, నొక యుపన్యాసమును బూర్తిగా హిందువుల సత్యసంధతకై వినియోగించెను. అందాయన యుదాహరించిన సాక్షులలో మాకు మిక్కిలి విలువగలవాఁడు స్లీమను. థగ్గుల నణఁచినవాఁడు గనుక నితనికి మన దేశపు మోసము తెలియదని యెవ్వరు ననలేరు. ఇతఁడు 1844లోఁ బ్రచురించిన తన యనుభవగ్రంథమున, ఆస్తియు స్వేచ్ఛయుఁ బ్రాణమును గూడ నొక్క యబద్ధముపై నాధారపడియున్నను నాడ నిరాకరించినవారి వ్యవహారములు వందలకొలఁది తన యెదుట నడచినవని వ్రాసెను.

అయితే మన గ్రామీణులు కచ్చేరీలోఁ గూటసాక్ష్యము లిచ్చుట యెట్లు? స్లీమను కనిపెట్టినది యిదియే. గ్రామములో రావిచెట్టుక్రింద, తన యిరుగుపొరుగువారి నడుమ నిలిచినవాఁడు నిజము చెప్పును. వారికిఁ దన పుట్టుపూర్వోత్తరములు తెలియును, రేపును వారితోనే బ్రదుకవలెను. అదే మనుష్యుని నలువది కోసుల దూరమునకుఁ బిలిపించి, తెలియని యధికారి యెదుట, తెలియని భాషలో, బంట్రోతుల బెదరింపుల నడుమ నిలువఁబెట్టినచో వాని సత్యము సడలును. వాని సంస్కృతి మారలేదు. వాఁ డెదుర్కొను మనుష్యులు మారిరి. ఏ జాతికి సత్యము ప్రియము, ఏ జాతికిఁ గాదు అని యడుగుటకంటె, ఆయా జాతివారు సత్యమును ఎవరి కచ్చియున్నామని తలఁచుచున్నారో యడుగుట యుక్తము. ఈ ప్రశ్న కర్జనుగారికిఁ దోఁచలేదు. మనవారికిని దోఁచుట లేదు.

ఇతర జాతుల సంగతి కొంచెము చూతము. పారసీకులు తమ బాలురకు నైదవయేఁటినుండి యిరువదవ యేఁటివఱకు గుఱ్ఱపుస్వారి, విలువిద్య, సత్యభాషణము ననునవి మూఁడే నేర్పుదురని హెరడోటసు వ్రాసెను. అబద్ధముకంటె సిగ్గుచేటైన పని వారికి లేదఁట. దాని తరువాతిది అప్పు, ఏలయన అప్పులవాఁడు బొంకక తప్పదు. ఈ పారసీకులు తూర్పువారే. వీరి చక్రవర్తి దరయవౌషుఁడు బెహిస్తూను కొండపైఁ జెక్కించిన శాసనములోఁ దనపై లేచిన తిరుగుబాటు లన్నింటికిని అసత్యమే మూలమని చెప్పించెను. అతఁడు సింహాసనమునకు వచ్చిన కథనే తానల్లెనేమోయని చరిత్రకారులలో ననేకులు శంకించుచున్నారు. అది వేఱు సంగతి. సత్యమును మిక్కిలి పొగడినవాఁడు మిక్కిలి పాటించెనని మేమనము. అది యెక్కువ గౌరవమునకుఁ బాత్రమని యతనికిఁ దెలియుననుటయే మాకుఁ గావలసినది.

చీనాదేశపు కన్‌ఫ్యూషియసు కథ నిప్పటి మన పండితులు తమ పక్షమునకుఁ దెచ్చుకొందురు. ఒక ప్రభువు తన దేశములో గొప్ప ఋజువర్తనుఁడు గలఁడనియు, తండ్రి గొఱ్ఱెను దొంగిలింపఁగాఁ గొడుకే సాక్ష్యము చెప్పెననియు గర్వముతోఁ బలికెను. కన్‌ఫ్యూషియసు తమ దేశమున ఋజుత్వము వేఱనియు, తండ్రి కొడుకును, కొడుకు తండ్రిని గప్పిపుచ్చుదురనియు, ఋజుత్వ మందే యున్నదనియుఁ జెప్పెను. చీనావారి ధర్మశాసనములు పిమ్మట నీ భావమునే గైకొని, దగ్గఱి బంధువుల నేరమును దాఁచినవారిని శిక్షింపకుండుటయేగాక, తలిదండ్రులపై నేరము మోపిన బిడ్డలను శిక్షించినవి. చూచితిరా, తూర్పుదేశములలోఁ గుటుంబము ముందు, సత్యము తరువాత యని మనవారు చేతులు చఱతురు.

తొందరపడవలదు. ఇదే వ్యాజ్యెము గ్రీసుదేశములోను వచ్చినది. యూథిఫ్రోను అనువాఁడు తన తండ్రిపైనే హత్యానేరము మోపుటకై న్యాయస్థానమునకుఁ బోవుచుండఁగా సోక్రటీసు కలిసికొనెను. ఆ తండ్రి, యొక బానిసను జంపిన కూలివానిఁ గాలుసేతులు కట్టించి గోతిలోఁ బడవేయించి మఱచిపోఁగా వాఁడు చచ్చెను. తండ్రిపై నభియోగము తెచ్చుట దైవభక్తియే యని యూథిఫ్రోను నమ్మకము. సోక్రటీసు తెల్లఁబోయెను. ఇంటివారందఱును వానిని దూషించుచుండిరి. అనఁగా నేథెన్సు నగరమునను సామాన్యులకుఁ దోఁచిన ధర్మము కన్‌ఫ్యూషియసు చెప్పినదానికి దూరము గాదు. ఆ సంభాషణము చివరకు నేమియుఁ దేలకయే ముగిసినది. ఆంగ్లేయులు మనకుఁ దెచ్చిన 1872 నాఁటి సాక్ష్యశాసనముమాత్రము భార్యాభర్తలు దాంపత్యములో నొకరి కొకరు చెప్పుకొన్న మాటలను బయటఁ బెట్టుమని నిర్బంధింపలేదు. దాని స్థానమున వచ్చిన యిప్పటి శాసనమును నా రక్షణను నిలిపియున్నది. కుటుంబమునకు సత్య మెంతవఱకు దారి యియ్యవలెనను ప్రశ్న ప్రతి జాతికిని గలదని తేలుచున్నది. మఱియొక సంగతి. కన్‌ఫ్యూషియసు చెప్పినది కప్పిపుచ్చుట, అనఁగా నోరు మెదపకుండుట. గొఱ్ఱెను బోఁగొట్టుకొన్నవానికి మఱియొక గొఱ్ఱెపిల్లను జూపి యిదియే నీదని ప్రమాణము చేయుమని యాయన చెప్పలేదు.

ఇఁక మన గ్రంథములు. కర్ణపర్వములోఁ గౌశికుని కథ గలదు. అతఁడెన్నఁడును బొంకని వ్రతము పట్టిన తాపసుఁడు. దొంగలు తఱుముచుండఁగాఁ గొందఱు మనుష్యు లతఁడున్న వనములోనికిఁ బాఱి దాఁగిరి. దొంగలు వచ్చి, సత్యవాదివి, వారెటు పోయిరో చెప్పుమనిరి. అతఁడు చెప్పెను. దొంగలు వారిని జంపిరి. కౌశికుఁడు నరకమునకుఁ బోయెను. ఈ కథను శ్రీకృష్ణుఁ డర్జునునకుఁ జెప్పును. అర్జునుఁడప్పుడు ప్రతిజ్ఞ చెల్లించుకొనుటకై సొంత యన్నను జంప నుద్యుక్తుఁడై యుండెను. సరిగా నిదే సమస్యను 1797లో జర్మను తత్త్వవేత్త కాంటు చర్చించెను. హంతకుఁడు వచ్చి నీ మిత్రుఁడు నీ యింట నున్నాఁడా యని యడిగినను బొంకఁగూడదని యతని తీర్పు. కౌశికుఁడు కాంటు శిష్యుఁడైనచో స్వర్గమునకుఁ బోయియుండును!

పాశ్చాత్యులు సత్యమునకై ప్రాణము విడుతురు, మనము సడలింతుము, అని యిందుచేత రుజువగునా? కాంటు ఖండించినది యెవరిని? బెంజమిన్ కాన్‌స్టాంటు అను పాశ్చాత్యునే. సత్యము వినుట కర్హత లేనివానికి సత్యము చెప్పవలసిన ఋణము లేదని యతఁడు వాదించెను. శ్రీకృష్ణుని పక్షము ఫ్రాన్సుదేశమున నిలిచియున్నది. ప్లేటో తన యాదర్శరాజ్యములోఁ బాలకులకు అసత్యమును మందువలె వాడుకొన ననుజ్ఞ యిచ్చెను. మన హరిశ్చంద్రుఁడో, ఆలిని బిడ్డను నమ్ముకొని కాటిని గాచెను గాని యొక్క మాట తప్పలేదు. అతఁడు కాంటునకు సహోదరుఁడు. మోహనదాసు గాంధీ బాల్యములో నా నాటకమును జూచి, యందఱు హరిశ్చంద్రులవలె నేల నుండరాదని తన్నుఁ దానడుగుకొనెనని యాత్మకథలో వ్రాసికొనెను. ప్రతి సంస్కృతియు నీ విషయమునఁ దనలోఁ దాను వాదించుకొనుచున్నది. ఆ వాదములో నొక పక్షమునే యేఱుకొని, యిదియే మా సంస్కృతి యనువాఁడు తన సొంత సౌకర్యమునే సంస్కృతి యనుచున్నాఁడు.

ఇటీవలి పరీక్ష యొకటి చెప్పి యీ భాగము ముగింతుము. 2019లోఁ బ్రకటింపఁబడిన యొక పరిశోధనములో 40 దేశములయందు, 355 నగరములలో, 17 వేలకుఁ బైఁగా సంచులను బోఁగొట్టుకొన్నట్లుగా నటించి కార్యాలయములలో నొప్పగించి, సొంతదారునకు విద్యుల్లేఖ వ్రాసినవా రెందఱో లెక్కించిరి. డబ్బున్న సంచిని గూర్చియే యెక్కువమంది వ్రాసిరి. దాదాపన్ని దేశములలోను నదే ఫలితము. కాని దేశములను వరుసపెట్టినప్పుడు చీనా యడుగునఁ బడెను. 2023లోఁ జీనా పరిశోధకులు మరలఁ బరీక్షించి చూడఁగా, లేఖలు వ్రాసినవారు తక్కువయే యైనను, సంచులలోఁ బెక్కింటిని జెక్కుచెదరకుండ భద్రపఱచి యుంచిరని తేలెను. సొంతదారుఁడు వచ్చునప్పటికి సొమ్ము నిలిపి యుంచుట యక్కడి నిజాయితీ. వెదకి లేఖ వ్రాయుట యింకొకచోటి నిజాయితీ. కొలపాత్ర యొకరిది, ధాన్య మొకరిది.

ఇట్లు మేము కర్జనుగారి వాదమునకు బదులు చెప్పితిమి. మన పేరయ్యల వాదమునకు బదులు చెప్పుట యింకను మిగిలియున్నది. ఇదియే మాకు ముఖ్యము.

పెండ్లిలో నబద్ధము దోషము గాదని శాస్త్రమున్నది గదా యని వారందురు. ఉన్నది, మేము లేదనము. భాగవతములో శుక్రాచార్యుఁడు బలిచక్రవర్తికి నా మినహాయింపులను జెప్పిన పద్యము తెలుఁగువారికిఁ గంఠస్థము. అక్షరములు రానివారికిఁ గూడ వచ్చును. కాని యా పద్యము వచ్చినవారిలో దాని తరువాతఁ గథ యేమయ్యెనో స్మరించువారు తక్కువ. బలి యా సలహాను బాటింపలేదు. గురువు మాట త్రోసి, ఆడిన మాట తప్పక, సర్వస్వమును ధారపోసెను. మనము పూజించునది బలిని. వల్లించునది మాత్రము బలి త్రోసివేసిన మాటను. ఆదిపర్వములో నీ ధర్మమునే శర్మిష్ఠ యయాతికిఁ జెప్పును. వారిరువురును దేవయానికిఁ దెలియకుండ సంసారము నడపిరి. తెలిసినప్పుడు యయాతికిఁ గలిగిన ఫలము ముసలితనము. ఆ శాపమిచ్చిన మామగా రెవరు? శుక్రాచార్యుఁడే. పరుల దానము తప్పించుటకుఁ బనికివచ్చిన మినహాయింపు తన కూఁతు కాపురమునకు వచ్చునప్పటి కాయనకును బనికిరాలేదు. ఆఁడుబిడ్డల తండ్రు లీ సంగతి యాలోచింతురు గాక.

మనుధర్మశాస్త్ర మింకను దూరము పోయినది. స్త్రీలయెడను, వివాహములందును, ఆవుల మేఁతకై, వంటచెఱకునకై, బ్రాహ్మణుని రక్షించుటకై చేసిన తప్పు ప్రమాణము పాపము గాదని యందున్నది. గడ్డిమోపును, గట్టెలమోపును, గన్యయు నొక్క వరుసలోఁ జేరినవి. ఈ పట్టికను వ్రాసినవారు మగవారు; వినినవారు మగవారు. పెండ్లికూఁతు నడిగి వ్రాసినది గాదు. కర్ణపర్వములోఁ గృష్ణుఁడు చెప్పిన మినహాయింపులలోఁ గూడ వివాహ మున్నదని యెవరైన మాకుఁ జూపవచ్చును. చూపినను, ఈ యంశమున మేమా వాక్యము నంగీకరింపము. శాస్త్రమున్నదని బాల్యవివాహములను నిలిపికొంటిమా? వితంతువుల శిరోముండనమును నిలిపికొంటిమా? వానిని విడిచినవారము దీనిని విడువ లేమా?

కౌశికుని కథలోని మినహాయింపునకును పేరయ్య మినహాయింపునకును గల భేదము మన యింటి యాఁడువారు వెంటనే గ్రహింతురు. కౌశికుఁ డబద్ధ మాడవలసినది పొదలో వణఁకుచున్న పరులకొఱకు. మోసపోవలసినవాఁడు కత్తి పట్టినవాఁడు. మన పెండ్లి యబద్ధములలో లాభము బొంకినవారిది. మోసపోవునది పందెమున నొడ్డఁబడిన పిల్ల. ఇందు దొంగ యెవఁడు, దాఁగినవా రెవరు? వరుని జీతము రెండింతలు చేసి చెప్పుదురు. ఇంట నున్న యప్పు చెప్పరు. మూర్ఛరోగమును, మతిచాంచల్యమును, మద్యపానమును "పెండ్లియైనచోఁ గుదురును" అను మాటక్రిందఁ గప్పుదురు. మందునకు బదులుగా నొక యమ్మాయి నిత్తురు. వధువు వయస్సులో రెండేండ్లు, చదువులో నొక తరగతి, యటునిటు జరుపుదురు. ఇది వరుని పక్షమునకు మాత్రమే చెందిన దోషమని మేమనము. ఇప్పుడు సముద్రములు దాఁటిన సంబంధములు వచ్చినవి. అమెరికాలో నున్న వరుని యుద్యోగ మెట్టిదో, యుండుట కనుమతి యెంతకాలమో, అక్కడ నిదివఱకే యొక సంసార మున్నదో లేదో యిచ్చట విచారించుటకుఁ దగిన రావిచెట్టు లేదు. పది దినముల సెలవులో వచ్చి తాళి కట్టి పోవును. కర్జనుగారు కొరియాలో నుండినట్లే, మరల నడుగువారు లేని దూరమున నతఁడుండును.

పిమ్మట జరుగున దేమి? నిజము బయటఁబడినప్పుడు "అందఱు నాడునవే గదా, సర్దుకొనుము" అని పిల్లకే బుద్ధి చెప్పుదురు. నూఱబద్ధములు పెద్దలవి, సర్దుకొనుట యామెది. ఆమె సర్దుకొన నన్నచో గృహమర్యాద చెడునందురు. ఈ మర్యాదనే మనవారు సత్యముకంటెఁ బెద్దపీటపైఁ గూర్చుండఁబెట్టినది.

న్యాయశాస్త్రము మన సామెతను మన్నింపలేదు. 1955 నాఁటి హిందూవివాహశాసనముప్రకారము మోసముచేఁ బొందిన సమ్మతిపై జరిగిన వివాహమును రద్దు చేయించుకొనవచ్చును; 1976లో జరిగిన సవరణ, ముఖ్యమైన యే సంగతిని దాఁచి మోసము చేసినను నది చెల్లునని స్పష్టపఱచినది. మోసము తెలిసిన యొక సంవత్సరములో నర్జీ వేసికొనవలెను. పూర్వవివాహమును దాఁచి పెండ్లాడినవానికిఁ బదేండ్లవఱకు ఖైదు గలదు. ఇవి యెంతమంది తలిదండ్రులకుఁ దెలియును? తెలిసినను నెంతమంది కూఁతుపక్షమున నిలుతురు? 1961లోఁ గట్నములను నిషేధించిన శాసనము వచ్చినది. దానితోఁ గట్నము పోలేదు. "మేము కట్నము పుచ్చుకొనలేదు, వారే లాంఛనముగా ముచ్చటపడి యిచ్చిరి" యను నూటయొకటవ యబద్ధము పుట్టినది. దానిని వియ్యంకు లిరువురును గలిసి చెప్పుదురు.

మర్యాదపూర్వకమైన మాట లన్నియు నబద్ధములేనా, ముసలమ్మకు వంట బాగుండలేదని చెప్పవలెనా యని మమ్ము వెక్కిరింపవచ్చును. చెప్పనక్కఱలేదు. జపానువారు మనస్సులోని మాటకు హొన్నె యనియు, సభలో నాడు మాటకు తతెమాయె యనియు వేఱువేఱు పేళ్ళు పెట్టుకొన్నారు. రెండును గలవని యక్కడ నందఱికిఁ దెలియును. తెలిసినవారి నడుమ నది మోసము గాదు. "భోజనము చేసి వెళ్ళుఁడు" అని మనమన్నప్పుడు వచ్చినవారికి మన యభిప్రాయము తెలియును. పెండ్లిచూపులలో నట్లు గాదు. అక్కడఁ జెప్పుమాట నమ్మింపఁబడుటకే చెప్పఁబడుచున్నది. నమ్మకపోయినచోఁ జెప్పియు ఫలము లేదు.

సంస్కృతి పేరు చెప్పువారికి ఛాందోగ్యోపనిషత్తులోని యొక తల్లిని జ్ఞాపకము చేయుదుము. కుమారుఁడు గురుకులమునకుఁ బోఁబోవుచు గోత్రమేదని యడిగెను. జబాల, తాను యౌవనమునఁ బలుచోట్ల బరిచర్య చేయుచు నతనిఁ గంటిననియు, గోత్రము తెలియదనియు, తన పేరు జబాల గనుక సత్యకామ జాబాలుఁడనని చెప్పుకొమ్మనియుఁ బలికెను. ఒక గోత్రము పేరు చెప్పి పంపుట యామెకు మిక్కిలి సులువు. నూఱబద్ధములు గాదు, ఒక్కటి చాలును. కుమారుని భవిష్యత్తు, కుటుంబపు పరువు, పదిమందిలో మాట, ఇప్పుడు మనవారు చెప్పు కారణము లన్నియు నామెకుఁ గలవు. బాలుఁడు పోయి తల్లి చెప్పినది చెప్పినట్లు హారిద్రుమత గౌతమునితోఁ జెప్పెను. సత్యమునుండి తొలఁగలేదు గనుక నీకు నుపనయనము చేయుదును, సమిధలు తెమ్మని గురువనెను. 1950 జనవరి 26వ తేదీని మన రాజ్యము సింహముల చిహ్నముక్రింద సత్యమే జయించునను నర్థముగల ముండకోపనిషద్వాక్యమును బెట్టుకొన్నది. ఆ చిహ్నము పెండ్లిఖర్చులకై తీయు నోట్లపై నెల్లను గలదు.

ఇంతకును సంబంధము తప్పిపోవునే యని తల్లులు మాతో మొఱపెట్టుకొందురు. తప్పిపోవును. కొన్ని తప్పిపోవును, ఆ భయము మాకుఁ దెలియును. అయినను మా పాఠకకుటుంబములలోఁ బెండ్లీడు వచ్చినవారి పెద్దలు జాతకములు మార్చుకొను దినముననే మఱి నాలుగు కాగితములు మార్చుకొందురుగాక: పుట్టిన తేదీని దెలుపు పత్రము, చదువు పత్రము, జీతపు చీటి, వైద్యుఁ డిచ్చిన పత్రము. విదేశములో నున్నవాఁడైనచో నక్కడ నతనిఁ జూచిన తెలుఁగువారిద్దఱి యుత్తరములు. అప్పు లున్నచో వాని మొత్తము. పూర్వ మొక వివాహము జరిగియున్నచో నదియు. ఈ కాగితములను వరుఁడును వధువును దామే చదువవలెను. చదివిన పిమ్మట నొకరి నొకరు పెద్దలు లేని గదిలో నొక గంటసేపైనఁ బ్రశ్నించుకొనవలెను. ఇందుకు రెండు దినములు పట్టును. ముహూర్తము లుండనే యున్నవి.